అన్నము, అగ్ని, ముద్ర: జీవకణములోని మాంసకృత్తుల కథ

మనము భుజించిన అన్నము ఏమగుచున్నది? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. కడుపులో జఠరాగ్ని యున్నదనియు, అది అన్నమును పక్వము చేయుననియు మన పెద్దలు చెప్పిరి. ఆకలిమంట యను మాట నేటికిని మన నోళ్ల నున్నది. అన్నమునకును అగ్నికిని సంబంధము కలదన్న ఊహ సత్యమే. కాని ఆ అగ్ని యెచ్చట నున్నది, దాని వేడిమిని శరీరము ఎట్లు వాడుకొనుచున్నది, నిత్యము మండు ఆ అగ్ని తన పొయ్యిని ఏమి చేయుచున్నది అను మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటకు శాస్త్రజ్ఞులకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది. మొదటి రెండింటికి తృప్తికరమైన సమాధానములు లభించినవి. మూడవదానిపై వాదము ఇంకను ముగియలేదు. ఆ కథను కాలక్రమమున చదువరులకు నివేదించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నిప్పు ఎచ్చట నున్నది?

ఫ్రాన్సు దేశమున లావోషియే అను రసాయన శాస్త్రజ్ఞుడు, లాప్లాస్ అను గణితవేత్తతో కలిసి 1783 ప్రాంతమున ఒక ప్రయోగము చేసెను. మంచుగడ్డలతో చుట్టబడిన పాత్రలో గినీపంది యను చిన్న జంతువును ఉంచి, దాని శరీరపు వేడికి ఎంత మంచు కరగునో కొలిచెను. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును కూడ కొలిచి, అంతే వాయువు వెలువడునట్లు బొగ్గును కాల్చినపుడు పుట్టు వేడితో సరిపోల్చెను. రెండును ఇంచుమించు దగ్గరగా వచ్చెను. శ్వాస యనగా మంట కానరాని నిదానమైన దహనమే యని ఆయన నిర్ణయించెను. ఫ్రెంచి విప్లవకాలమున, 1794లో, ఆ మహనీయునకు శిరచ్ఛేదము జరిగినది. ఈ దహనము ఊపిరితిత్తులలో జరుగునని ఆయన తలచియుండెను. శరీరములోని కణములన్నిటను జరుగుచున్నదని తరువాతివారు నిరూపించిరి.

ఇటుకలతో ఇల్లు కట్టినట్లు మన శరీరము కణములతో కట్టబడినది. ఆ కణములు కంటికి కనబడవు. 1890లో జర్మనీ దేశీయుడగు ఆల్ట్‌మన్, కణములకు రంగు పట్టించి సూక్ష్మదర్శినితో పరీక్షించి, వానిలో అనేకమైన చిన్న రేణువులను చూచెను. ఇవి కణములో కాపురముండు స్వతంత్ర ప్రాణులని ఆయన చెప్పగా నాటి పండితులు అంగీకరింపలేదు. 1898లో బెండా యను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు వీనికి మైటోకాండ్రియా అని నామకరణము చేసెను. గ్రీకు భాషలో దారము, రేణువు అను అర్థములు గల రెండు మాటలు కలిసి ఈ పేరు ఏర్పడినది.

పేరు పెట్టుట తేలిక. పని తెలిసికొనుట కష్టము. 1913లో వార్‌బర్గ్, కాలేయ కణముల నుండి తీసిన రసములో ప్రాణవాయువును పీల్చు శక్తి రేణువులను అంటిపెట్టుకొని యున్నదని గమనించెను. 1925లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున కీలిన్ అను పండితుడు పురుగుల కండరములను వర్ణదర్శినితో చూచుచు, గాలి తగిలినపుడు మాయమై, గాలి అందనపుడు మరల కనబడు నల్లని చారలను గుర్తించెను. ప్రాణవాయువును వాడుకొను కార్యములో పాల్గొను సైటోక్రోములను పదార్థముల జాడలవి. 1948లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన హోగెబూమ్, ష్నైడర్, పలాడే అను మువ్వురు, కాలేయమును చక్కెరనీటిలో మెత్తగా నూరి, అతివేగముగా తిరుగు యంత్రములో త్రిప్పి, మజ్జిగ నుండి వెన్న తీసినట్లు మైటోకాండ్రియాను చెడకుండ వేరుపరచిరి. ఆ వెంటనే కెనెడీ, లెహ్నింజర్ అను ఇరువురు షికాగో నగరమున, కొవ్వు దహనమగునదియు, ఆహారపు చివరి దహనము జరుగునదియు ఈ రేణువులలోనే యని రుజువు చేసిరి. ఇట్లు మొదటి ప్రశ్నకు సమాధానము లభించినది. కణములోని పొయ్యి మైటోకాండ్రియా.

ఆల్ట్‌మన్ మాటయు పూర్తిగా వృథాపోలేదు. అనేక కోట్ల సంవత్సరముల పూర్వము స్వతంత్రముగా బ్రదికిన సూక్ష్మజీవులే పెద్దకణములలో చేరి మైటోకాండ్రియాగా మారినవని 1967లో లిన్ మార్గ్యులిస్ అను విదుషి వాదించెను. నేడు ఆ వాదమునకు శాస్త్రలోకమున ఆమోదము కలదు. మానవ మైటోకాండ్రియాకు తనదియగు చిన్న జన్యులిపి యున్నది; అందు 16,569 అక్షరములు ఉన్నవని 1981లో తేలినది. ఆ లిపి 13 మాంసకృత్తులకు మాత్రమే నమూనా. పొయ్యిలో పనిచేయు మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, వేయికి పైగా ఉన్నవి. తక్కినవన్నియు కణములోనే పొయ్యి వెలుపల తయారై లోనికి చేరవలసినవే.

కణము యొక్క నాణెము

పొయ్యిలో పుట్టిన శక్తిని శరీరము ఎట్లు వాడుకొనును? ఈ రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో మన తెలుగువాడొకడు ముందు వరుసలో నున్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాల చేరి, ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేసెను. వారిరువురు 1927లో కండరములలో ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929లో ఏ.టి.పి. యను మరియొక పదార్థమును వేరుపరచిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు వేరుగా ఏ.టి.పి.ని కనుగొనెను.

ఏ.టి.పి. యనగా నేమి? అది కణపు బజారులో చెల్లు నాణెము. ధాన్యము ఇంట నున్నను, సంతలో సరకు కొనవలెనన్న దానిని పైకముగా మార్చుకొనవలెను గదా. అట్లే అన్నములోని శక్తిని మైటోకాండ్రియా ఏ.టి.పి.గా మార్చును. కండరము కదలుటకు, గుండె కొట్టుకొనుటకు, మెదడు ఆలోచించుటకు ఆ నాణెమునే చెల్లింపవలెను. దాని యందు మూడు భాస్వర సమూహములు గొలుసుగా నుండును. చివరిది తెగినపుడు శక్తి వెలువడును. విశ్రాంతిగా నున్న మనిషి సైతము దినమునకు తన బరువులో ఇంచుమించు సగమంత ఏ.టి.పి.ని చేసి ఖర్చుపెట్టునని అంచనా. ఏ క్షణమున చూచినను శరీరములో నున్నది మాత్రము ఒక పిడికెడుకు మించదు. ఒకే నాణెము దినమున వందలసార్లు చేతులు మారుచున్నదన్నమాట.

1937లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హాన్స్ క్రెబ్స్, పావురపు రొమ్ము కండరముపై ప్రయోగములు చేసి, ఆహారపు ముక్కలు ఒక చక్రము వలె తిరుగుచు దహనమగు విధమును కనుగొనెను. ఆయన వ్రాసిన చిన్న లేఖను ఒక ప్రసిద్ధ శాస్త్రపత్రిక స్థలము లేదని త్రిప్పి పంపెను. అది వేరొక పత్రికలో వెలువడినది. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఆ బహుమానమును పంచుకొన్న వాడు లిప్‌మన్. ఆహారము నుండి వచ్చిన ఎసిటైల్ అను చిన్న ముక్కను మోసికొనిపోవు సహాయక పదార్థమును ఆయన 1945లో గుర్తించెను. దానికి కోఎంజైమ్ ఏ అని పేరు. ఎసిటైల్ ముక్కను మోయుచున్న కోఎంజైమ్ ఏ యొక్క రసాయన స్వరూపమును 1951లో మ్యూనిక్ నగరమున లీనెన్ నిర్ణయించెను. ఈ కోఎంజైమ్ నిర్మాణములో పాంటోథెనిక్ ఆమ్లమను విటమిను ఒక భాగము. ఆ విటమినుపై 1939లో పరిశోధన ప్రకటించినవారిలో సుబ్బారావును, ఆయన సహచరుడగు హిచింగ్స్‌ను ఉన్నారు. ఈ హిచింగ్స్ తరువాత 1988లో నోబెల్ బహుమాన గ్రహీత. సుబ్బారావు మాత్రము 1948లోనే పరమపదించెను. ఏ.టి.పి., కోఎంజైమ్ ఏ అను ఈ రెండు పేర్లను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. మూడవ ప్రశ్నకు ఇవియే తాళపుచెవులు.

గడియ వేయు హస్తము

ఇంతవరకు శాస్త్రజ్ఞులు పొయ్యి వేరు, కట్టె వేరు అని తలచిరి. మాంసకృత్తులు పనిముట్లు, ఆహారము ముడిసరకు. ముడిసరకు పనిముట్టును మార్చునని యెవరును అనుకొనలేదు. 1954లో బర్నెట్, కెనెడీ అను ఇరువురు ఎలుక కాలేయపు మైటోకాండ్రియా నుండి ఒక ఎంజైమును తీసి, అది ఏ.టి.పి. చివరనున్న భాస్వర సమూహమును త్రెంచి పాలలోని కేసీను అను మాంసకృత్తునకు అతికించుచున్నదని చూపిరి. ఖర్చుపెట్టవలసిన నాణెమునే ముద్రగా గుద్దుట వంటిదిది. దీని ప్రయోజనము వారికి వెంటనే బోధపడలేదు. మరుసటి సంవత్సరము సియాటిల్ నగరమున ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అనువారు, కండరములోని ఒక ఎంజైము భాస్వరముద్ర పడగానే మేల్కొనుననియు, ముద్ర తొలగగానే నిద్రించుననియు కనుగొనిరి. ఈ ఎడ్విన్ క్రెబ్స్, పైని చెప్పిన హాన్స్ క్రెబ్స్ ఒకరు కారు. వీరిరువురకు 1992లో నోబెల్ బహుమానము వచ్చినది.

మైటోకాండ్రియా లోపలనే ఇట్టి ముద్ర పనిచేయుట 1969లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున లెస్టర్ రీడ్ బృందము నిరూపించినది. పిండిపదార్థము కణములో పైరువేటు అను పదార్థముగా విరిగి, మైటోకాండ్రియాలో ఎసిటైల్ ముక్కగా మారవలెను. ఆ మార్పు చేయు ఎంజైముల సముదాయము పొయ్యికి వాకిలి వంటిది. ఈ వాకిలి పనిచేయుటకు థయామిన్, అనగా బి-1 విటమిను, కావలెను. మిల్లులో బాగుగా తెల్లచేసిన బియ్యమునే ప్రధానముగా తిన్న మన సర్కారు జిల్లాలలో ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున బెరిబెరి వ్యాధి కనబడుటకు ఈ విటమిను కొరతయే హేతువు. తవుడుతో పాటు విటమినును వదలుకొని, వాకిలి మూసికొన్నారన్నమాట. దంపుడు బియ్యమును మెచ్చుకొన్న మన పెద్దల మాటలో సారమున్నది.

విటమిను చాలినంత యున్నప్పుడు కూడ ఆ వాకిలి ఎల్లవేళల తెరచియుండదు. ఏ.టి.పి.యును, ఎసిటైల్ ముక్కలును కావలసినంత పోగైనపుడు ఒక ఎంజైము వాకిలికి భాస్వరముద్ర వేయును; వాకిలి మూతపడును. శక్తి అవసరమైనపుడు వేరొక ఎంజైము ఆ ముద్రను తొలగించును, వాకిలి తెరచుకొనును. గాదె నిండినపుడు బండ్లను ఊరి బయట నిలుపుట వంటిదే ఈ యేర్పాటు. ఇచట ముద్ర వేయు హస్తము, తీయు హస్తము రెండును కలవు. అందుచేత ఇది ఆజ్ఞయే యని చెప్పుటకు సందేహము లేదు.

పిలువని ముద్రలు

అన్ని ముద్రలు ఇట్టివి కావు. 1912లో ఫ్రాన్సులో మాయార్ అను రసాయనజ్ఞుడు, మాంసకృత్తుల మూలాంశములను చక్కెరతో వేడిచేయగా అవి తమంతట తామే కలిసి గోధుమరంగు తిరుగునని వ్రాసెను. రొట్టె పైపొర ఎఱ్ఱబడుటకు కారణమిదియే. ఇట్టి కలయిక, వేడి లేకయే, మెల్లగా మన నెత్తురులోను జరుగుచున్నది. 1968లో టెహరాన్ నగరమున రహబర్ అను వైద్యుడు, మధుమేహ రోగుల నెత్తురులోని హిమోగ్లోబిన్‌లో ఒక మార్పును గుర్తించెను. చక్కెర దానికి అంటుకొన్నదని తరువాత తేలినది. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించును. అందుచేత అంటిన చక్కెరను కొలిచిన, గడచిన రెండు మూడు నెలల సంగతి తెలియును. మూడునెలల చక్కెర పరీక్షయని నేడు పల్లెల వైద్యశాలలలో చేయునది ఇదియే. ఇచట ముద్రవేయు ఎంజైము లేదు. చక్కెర అధికమైన అంటును, అంతే. ఎఱ్ఱకణములలో మైటోకాండ్రియా ఉండవు. అయినను ఈ ఉదాహరణము మున్ముందు మనకు అక్కరకు వచ్చును.

1964లో అమెరికాలో ఆల్‌ఫ్రీ యను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును, జన్యులిపిని చుట్టియున్న మాంసకృత్తులకు ఎసిటైల్ ముక్కలు అతుకుచున్నవని చూపిరి. లైసిన్ అను మూలాంశము చివర ధనవిద్యుత్తు ఉండును. ఎసిటైల్ అంటగానే ఆ విద్యుత్తు అణగును. దానితో మాంసకృత్తు ఇతర పదార్థములను పట్టుకొను తీరు మారును. చాలకాలము ఇది జన్యులిపి చెంతనే జరుగు విశేషమని అందరును భావించిరి. 2006లో జావో అను శాస్త్రజ్ఞుని బృందము 195 మాంసకృత్తులలో 388 ఎసిటైల్ స్థానములను ఒక్కమారుగా పట్టికవేసినది. మైటోకాండ్రియా మాంసకృత్తులలో నూటికి ఇరువదికి పైగా ఈ ముద్ర ధరించియున్నవని అందు తేలుట అందరిని ఆశ్చర్యపరచినది. ఎసిటైల్ ముక్కలు పుట్టు స్థలము అదియే గదా. కాలుచున్న కట్టె పొయ్యిరాళ్లపై గుర్తులు పెట్టుచున్నదని తెలియవచ్చినది.

ముద్రను తుడుచు హస్తము అప్పటికే దొరకియుండెను. సర్ట్-3 అను ఎంజైము మైటోకాండ్రియాలో నివసించి ఎసిటైల్ ముద్రలను తొలగించును. 2007లో సర్ట్-3 లేని ఎలుకలను పరీక్షింపగా, వాని మైటోకాండ్రియా మాంసకృత్తులు ఎసిటైల్ ముద్రలతో నిండియుండెను. ఎలుకలు మాత్రము పైకి ఆరోగ్యముగానే కనబడెను. 2010లో హిర్షీ, వెర్డిన్ మొదలగువారు అట్టి ఎలుకలను ఉపవాసముంచిరి. అప్పుడు లోపము బయటపడినది. కొవ్వును కాల్చు ఒక ఎంజైముపై ముద్ర తొలగకుండుటచే కొవ్వు సరిగా కాలలేదు, ఏ.టి.పి. తగ్గినది, చలికి అవి తాళలేకపోయినవి. నిండుగా తిన్ననాడు కనబడని లోపము పస్తున్ననాడు కనబడినదన్నమాట.

సర్ట్-5 అను మరియొక ఎంజైము కూడ ఎసిటైల్ ముద్రనే తుడుచునని 2009లో చెప్పిరి. కాని 2011లో దాని అసలు పని సక్సినైల్, మలొనైల్ అను వేరు ముద్రలను తుడుచుటయని తేలినది. సక్సినైల్ యనునది క్రెబ్స్ చక్రములో పుట్టునదే. ఒక్కొక్క ఆహారమార్గము తన గుర్తును తానే వదలుచున్నదని ఇట్లు బోధపడినది.

ఆజ్ఞయా, మసియా?

ఇచటనే అసలు వివాదము పుట్టినది. తుడుచువాడు కలడు. వ్రాయువాడు ఎవడు? భాస్వరముద్ర వేయు ఎంజైములు అనేకములు దొరకినవి. మైటోకాండ్రియాలో ఎసిటైల్ ముద్రలన్నిటిని వేయు ఎంజైము కొరకు ఎంత వెదకినను నిస్సంశయమైనది చిక్కలేదు. 2013లో ఇండియానా విశ్వవిద్యాలయపు వాగ్నర్, పేన్ అను ఇరువురు ఒక సరళమైన సమాధానము చెప్పిరి. వ్రాయువాడు అక్కరలేదనిరి. మైటోకాండ్రియా లోపలి ద్రవము కణపు తక్కిన భాగముకన్న ఎక్కువ క్షారగుణము కలది. అట్టి క్షారములో లైసిన్ చురుకుగా నుండును. ఎసిటైల్ మోయుచున్న కోఎంజైమ్ ఏ అచట సమృద్ధిగా నున్నది. రెండును తమంతట తామే కలియును. మాంసకృత్తుల స్వరూపమును చెడగొట్టి పరీక్షించినను ముద్రలు పడుచునే యున్నవని వారు చూపిరి. నెత్తురులో చక్కెర అంటుట వంటిదే మైటోకాండ్రియాలో ఎసిటైల్ అంటుటయు.

అట్లయిన ఇది ఆజ్ఞ కాదు, పొయ్యికి పట్టిన మసి. సర్ట్-3 ఇల్లాలి వలె ప్రతిదినము పొయ్యి అలికి శుభ్రము చేయునది. ఈ పక్షమున మరియొక యుక్తి కూడ కలదు. ముద్రలు వేలకొలది స్థానములలో నున్నను, అనేక స్థానములలో నూరు అణువులకు ఒక్కటియైనను ముద్రితము కాదని కొలతలు తెలిపినవి. నూటికొక్క పనివాని చేయి కట్టివేసిన పని నిలుచునా? 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయమువారు రెండు జన్యువులను తొలగించి, ఎలుకల గుండెలలో ఎసిటైల్ ముద్రలను విపరీతముగా పెంచిరి. అయినను ఆ గుండెలు ఆ కారణముచే అధికముగా చెడలేదు. కాని 2010 నాటి ఉపవాస పరీక్షను కూడ కొట్టివేయుటకు వీలులేదు. కొన్ని స్థానములలో ముద్ర నిజముగా పనిని మార్చవచ్చును. చాలచోట్ల అది మసియే కావచ్చును. ఏది ఏదియో ఒక్కొక్క మాంసకృత్తును వేరుగా పరీక్షించి తేల్చుకొనవలసియున్నది.

ఈ వివాదము పండితుల గోష్ఠికి మాత్రమే సంబంధించినది కాదు. సర్ట్-3 వంటి ఎంజైములను మేల్కొలిపి ఆయుర్దాయము పెంచుదుమని చెప్పి నేడు అనేకములైన మాత్రలు విక్రయింపబడుచున్నవి. ముద్ర ఆజ్ఞయో మసియో నిర్ణయము కాకముందే, ఎలుకలలో కనబడిన ఫలమును మనుష్యులకు వాగ్దానము చేయుట శాస్త్రము కాదు, వ్యాపారము. అట్లే ఉపవాసము మంచిదని విని, మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక పస్తుండుట అపాయకరము. మనము అతిగా తినుట, తిన్నది ఖర్చుచేయక కూర్చుండుట అను రెండును శరీరములోని మాంసకృత్తుల వరకు చేరునన్నది మాత్రము రుజువైన సంగతి. మూడునెలల చక్కెర పరీక్ష దానికి ప్రతిదిన సాక్ష్యము.

ఈ చరిత్రలో గమనింపదగిన విషయము మరియొకటి కలదు. ఆల్ట్‌మన్ ఊహను పండితులు త్రోసిపుచ్చగా డెబ్బది యేండ్లకు పైబడిన పిమ్మట అది మరల తలయెత్తినది. క్రెబ్స్ లేఖను త్రిప్పిపంపగా ఆ లేఖలోని చక్రము లోకమంతట పాఠ్యపుస్తకములకెక్కినది. 2009లో ఒకటి చెప్పిన సర్ట్-5 గూర్చి 2011లో వేరొకటి చెప్పవలసివచ్చినది. శాస్త్రము తన మాటను తానే పరీక్షించుకొని దిద్దుకొనును. అట్లు దిద్దుకొనుటకు వెనుకటివారు వ్రాసినది వెనుకటివారి చేతివ్రాతలోనే దొరకవలెను. పాతపుస్తకమును పారవేయక, క్రొత్తపుస్తకమును ప్రక్కనే నిలుపుట గ్రంథాలయము చేయు పని. ఇరువదియైదు వత్సరములు ఆ పనిని సాగించిన ఈ గ్రంథాలయపు బీరువాలలో శరీరశాస్త్ర గ్రంథములకు ఒక వరుస ఏర్పరచి, ఏటేట క్రొత్తవానిని చేర్చినచో, నేడు ఇచట పాఠము చదువు బాలబాలికలలో ఎవరో ఒకరు మూడవ ప్రశ్నకు సమాధానము వ్రాయవచ్చును. భీమవరమున పుట్టినవాడు రెండవ ప్రశ్నకు వ్రాయలేదా?